రథసప్తమి నాటి తీర్మానం: ఒక భాగవత గోష్ఠి నూరేళ్ళ కాగితాలతో గడిపిన ఏడాది

శ్రీకాకుళంలో నాగావళి గట్టుకు దగ్గరగా, పాత వీధుల్లో ఒక భాగవత గోష్ఠి ఉంది. ఆదివారం సాయంత్రాలు పోతన భాగవతం చదువుకోవడం, అర్థం చెప్పుకోవడం, ఏడాదికోసారి రథసప్తమికి సభ పెట్టుకోవడం. అంతే వాళ్ళ పని. గుడి కాదు, మఠం కాదు. రథసప్తమి అంటే మా జిల్లాలో జనమంతా అరసవల్లి వైపు నడుస్తారు. ఆ పొద్దున సూర్యనారాయణ స్వామి దర్శనం చేసుకుని, సాయంత్రానికి ఈ గోష్ఠి పెంకుటింట్లో చాప మీద కూర్చోవడం కొన్ని కుటుంబాలకు తరతరాలుగా వస్తున్న అలవాటు.

నేను గ్రంథాలయాల్లో పని చేసి రిటైరయ్యాక, ఇలాంటి చిన్న సంఘాల పాత కాగితాలు సర్దిపెట్టే పనిలో పడ్డాను. 2025 వేసవిలో ఆ గోష్ఠి అధ్యక్షులు మా ఇంటికొచ్చారు. ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు, ఊరంతా ఆయన్ని మాస్టారనే పిలుస్తుంది. "అమ్మా, వచ్చే రథసప్తమికి మా గోష్ఠికి నూరేళ్ళు నిండుతాయి. సంచిక వెయ్యాలి. బీరువాలో పాత పుస్తకాలున్నాయి, అవి చూసి ఓ పది పేజీల చరిత్ర రాసిపెట్టండి" అన్నారు.

ఆ పని ఏడాది పైగా పట్టింది. ఇప్పటికీ అయిపోలేదు. ఇలాంటి పండగకు సిద్ధమవుతున్న పారాయణ సంఘాలు, గీతా సమాజాలు, భజన గోష్ఠులు మన వైపు ఇంకా ఉన్నాయి. వాళ్ళకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. గోష్ఠి పేరు, మనుషుల పేర్లు వాళ్ళ కోరిక మీదే రాయడం లేదు.

బీరువాలో ఏముంది

తీర్మానాల పుస్తకాలు 9. జమాఖర్చుల చిట్టాలు 26. చందా రసీదుల మోపు. ఉత్తరాల కట్ట. 1977 నాటి స్వర్ణోత్సవ సంచిక 2 ప్రతులు. 2001 నాటి సంచిక మాత్రం అట్టపెట్టెల నిండా ఉంది. తాటాకుల కట్ట ఒకటి. రోజూ చదివే పారాయణ ప్రతులు 3, చెన్నపట్నంలో అచ్చయినవి, అట్టలూడి గుడ్డలో చుట్టి ఉన్నాయి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి ఇంటి పెంకులు లేచిపోయి బీరువా కింది అరలోకి నీళ్ళు దిగాయట. మర్నాడు కుర్రాళ్ళు ఆ పుస్తకాలన్నీ డాబా మీద ఎండలో ఆరబెట్టారు. మంచి మనసుతో చేసిన పనే, కానీ ఎండకు అట్టలు విల్లులా వంగాయి, పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టకూడదు. నీడలో, ఫ్యాను గాలికి, పేజీల మధ్య తెల్ల కాగితాలు పెట్టి, అవి తడి పీల్చగానే మారుస్తూ ఉండాలి. చివర్లో పైన బరువు పెట్టాలి. ఓపిక పట్టాల్సిన పని.

నాకు ఆశ్చర్యం కలిగించింది సిరా. 1930లలో రాసిన పేజీలు నీళ్ళలో నానినా అక్షరం చెదరలేదు. 1980లలో నీలం సిరాతో రాసిన పేజీలు మాత్రం మబ్బు పట్టిన ఆకాశంలా అలుక్కుపోయాయి. పాత నల్ల సిరాలో ఇనుము ఉంటుంది, అది కాగితంలోకి దిగి పట్టుకుంటుంది. ఫౌంటెన్ పెన్నుల్లో తర్వాత వాడిన ఉతికితే పోయే నీలం సిరాకు ఆ గుణం లేదు. అందుకే పాతవి జాగ్రత్త, కొత్తవి పరవాలేదు అనుకోవడం పొరపాటు. నేను స్కానింగు 1980ల పుస్తకాలతోనే మొదలుపెట్టాను.

ఇంకో బాధ సెల్లోటేపు. చిరిగిన ప్రతి పేజీకీ ఎవరో ప్రేమగా టేపు అంటించారు. ఏళ్ళు గడిచేసరికి టేపు ఊడిపోయి, దాని జిగురు మాత్రం బెల్లప్పాకంలా పేజీలో ఇంకిపోయింది. మూడు ముఖ్యమైన ఉత్తరాలను ఒక దుకాణంలో లామినేషన్ చేయించారు. ఆ ప్లాస్టిక్కును ఇక విడదియ్యలేం. చూసినప్పుడు నా గుండె కలుక్కుమంది. మీ సంఘంలో ఎవరైనా లామినేషన్ మాట ఎత్తితే దయచేసి ఆపండి.

తాటాకుల కట్ట శ్రీకూర్మం వైపు నుంచి ఒక కుటుంబం ఇచ్చింది. అది భాగవతంలో ఎనిమిదో భాగమైన అష్టమ స్కంధం. క్షీరసాగర మథనం, కూర్మావతారం ఉన్న భాగమే ఆ ఊరి వాళ్ళు దాచుకున్నారంటే నాకు ముచ్చటేసింది. మెత్తని కుంచెతో దుమ్ము తీసి, నిమ్మగడ్డి నూనె పలచగా రాసి, రెండు చెక్క పలకల మధ్య పెట్టి నూలు గుడ్డ చుట్టాను. అంతకు మించి దాని జోలికి పోలేదు.

1926 కాదు

గోష్ఠి గుమ్మం పక్కన పాలరాతి మీద "స్థాపితము 1926" అని చెక్కి ఉంది. 2001లో 75 ఏళ్ళ ఉత్సవం ఆ లెక్కనే చేశారు. నేనూ మొదటి నెల 1926 అనే రాసుకున్నాను. తీర్మానాల మొదటి పుస్తకం అట్ట విడదీసి మొదటి పేజీ చదివాక ఆగిపోయాను. తేదీ ఇలా ఉంది: అక్షయ నామ సంవత్సర మాఘ శుద్ధ సప్తమి.

పంచాంగం తెలిసినవాళ్ళకు ఇక్కడే విషయం అర్థమవుతుంది. అక్షయ నామ సంవత్సరం 1926 ఉగాదికి మొదలై 1927 ఉగాదికి ముందు రోజుతో ముగిసింది. మాఘ మాసం ఆ ఏడు చివరి నెలలకు వస్తుంది. అంటే ఆ రథసప్తమి 1927 ఫిబ్రవరిలో పడింది. ఎవరో అక్షయ అంటే 1926 అని తెలుగు, ఇంగ్లీషు సంవత్సరాల పట్టికలో చూసి రాతి మీద చెక్కించేశారు. మాఘం, ఫాల్గుణాల్లో ఏ తేదీ కనిపించినా పట్టికలోని ఇంగ్లీషు సంవత్సరానికి ఒకటి కలపాలి. మార్గశిరం, పుష్యాల్లో అయితే జనవరి ఒకటి ఎటువైపు పడిందో చూసుకోవాలి. ఈ చిన్న లెక్క తప్పడం నేను మరో రెండు సంఘాల్లోనూ చూశాను.

నా ఒక్కదాని మాట మీద రాయి మార్చమని అడగడం న్యాయం కాదు కాబట్టి ఇంకో సాక్ష్యం వెతికాను. 1977 స్వర్ణోత్సవ ఆహ్వానం దొరికింది: నల నామ సంవత్సర మాఘ శుద్ధ సప్తమి. అది 1977 జనవరి నెలాఖరు. అక్షయకు సరిగ్గా 50 ఏళ్ళ తర్వాత వచ్చేది నల. అంటే 1977లో పెద్దవాళ్ళకు లెక్క సరిగ్గానే తెలుసు. తప్పు ఆ తర్వాత, ఇల్లు బాగుచేసి పాలరాయి పెట్టించినప్పుడు దూరింది.

అరవై ఏళ్ళ చక్రంతో ఇంకో చిక్కుంది. విడి కాగితం మీద ప్రభవ అని మాత్రమే ఉంటే అది 1927-28 కావచ్చు, 1987-88 కావచ్చు. అలాంటప్పుడు చుట్టూ ఉన్న గుర్తులు చూడాలి. లెక్క రూపాయి, అణా, పైస మూడు గళ్ళలో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది. నయా పైసలు అని ఉంటే 1957 తర్వాతది. ఉత్తరాల మీద ముద్ర ఇంకా బాగా పనికొచ్చింది. "చికాకోలు, గంజాం జిల్లా" అని ఉంటే (చికాకోలు శ్రీకాకుళం పాత పేరు) 1936 ఏప్రిల్‌కి ముందుది, ఎందుకంటే ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడే మన ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది. శ్రీకాకుళం జిల్లా అని ఉంటే 1950 ఆగస్టు 15 తర్వాతది. తేదీ లేని ఉత్తరాలన్నీ అలా మూడు కుప్పలుగా విడిపోయాయి. తీర్మానాల భాష కూడా సాయం చేసింది. మొదట్లో అంతా "అంగీకరించిరి", రానురాను "అంగీకరించారు". గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టిన జిల్లాలో, ఆయన కోరిన వాడుక భాష ఒక చిన్న గోష్ఠి పుస్తకంలోకి మెల్లగా నడిచి రావడం చూడటం నాకు ఇష్టమైన పని అయింది.

కమిటీలో ఒకాయన రిజిస్ట్రేషన్ తేదీ నుంచి లెక్కపెడదామన్నారు. రిజిస్ట్రేషన్ 1950లలో, 1860 నాటి సొసైటీల చట్టం కింద జరిగింది. అది సర్కారు దగ్గర పేరు నమోదైన రోజే గానీ, జనం కూర్చుని చదవడం మొదలెట్టిన రోజు కాదు.

మాస్టారికి టెన్షన్ పట్టుకుంది. 2026 రథసప్తమికి హాలు మాట్లాడేశారు, చందాలు మొదలయ్యాయి. చివరికి అందరికీ నచ్చిన దారి దొరికింది. 2026 జనవరి 25 రథసప్తమి నాడు నూరో ఏడు మొదలైందని దీపం వెలిగించాం. ఆ సాయంత్రం పారాయణం, ప్రసాదం మాత్రమే. నూరేళ్ళు నిండే పరాభవ నామ సంవత్సర మాఘంలో, అంటే 2027 ఫిబ్రవరిలో పెద్ద సభ. మధ్యలో దొరికిన ఏడాది కాగితాల పనికి. పాత రాయిని పగలగొట్టొద్దన్నాను. అదీ చరిత్రే. దాని కింద చిన్న రాయి పెట్టి సరైన తిథి చెక్కిస్తున్నారు.

చిట్టాలో నూనె

ఈ పనిలో నా మనసుకు పట్టింది ఇది.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. తీరంలో చాలా ఊళ్ళ వాళ్ళు భయపడి లోపలి పల్లెలకు వెళ్ళిపోయారు. మన గోష్ఠి తీర్మానాల పుస్తకంలో చిత్రభాను నామ సంవత్సరం చైత్రం తర్వాత కార్తీకం దాకా ఒక్క అక్షరం లేదు. 1977 సంచికలోనూ ఆ నెలల్లో గోష్ఠి ఆగిపోయిందనే రాశారు. నేనూ అలాగే రాయబోయాను.

చిట్టాలు చూస్తుంటే అదే ఏడు వైశాఖం నుంచి వారం వారం ఒకే ఖర్చు కనిపించింది: దీపానికి నూనె. పక్కన ఒక ఇంటిపేరు. గోష్ఠి ఇంటికి తాళం వేసి ఉన్న నెలల్లో దీపం ఎక్కడ వెలిగినట్టు? పారాయణ ప్రతి తీసి చూశాను. ఏ రోజు చదువు ఎక్కడ ఆగిందో అంచున పెన్సిలుతో చిన్న గీత పెట్టడం వాళ్ళ అలవాటు. దశమ స్కంధంలో వరసగా ఆ గీతలున్నాయి, కానీ చెయ్యి వేరు. మిగతా గీతలు నిలువుగా ఉంటే ఇవి పక్కకు వాలి ఉన్నాయి, కొన్నిచోట్ల పసుపు వేలిముద్రలతో.

ఆ ఇంటిపేరు వాళ్ళ కోసం అడిగితే, కొట్ల వీధిలో తొంభై ఏళ్ళ మామ్మ గారొకరున్నారని తెలిసింది. చిట్టా పేజీ ఫొటో తీసుకెళ్ళి చూపించాను. కళ్ళద్దాలు సర్దుకుని, "ఇది మా నాన్న రాత తల్లీ" అన్నారు. కాసేపు ఆగి తనే చెప్పారు. "పెద్దవాళ్ళంతా ఊళ్ళు వెళ్ళిపోయారు. మాకు కొట్టుంది, మేమెక్కడికెళ్తాం? ఆదివారం రాత్రి మా ఇంట్లో ఆడవాళ్ళు కూడీవారు. మా అమ్మ చదివీది. నాకప్పటికి ఏడేళ్ళు. దీపం దగ్గర కూచుని పేజీ తిప్పీదాన్ని."

"మామ్మ గారూ, పసుపు చేతులతోనే చదివేవారా?" అని అడిగాను.

"రుక్మిణీ కల్యాణం వచ్చినప్పుడు పుస్తకానికి పసుపు రాసీవారు. పెళ్ళి కావలసిన పిల్లలుండేవారు కదా."

పారాయణ ప్రతిలో మిగతా పేజీల కంటే గజేంద్ర మోక్షం, రుక్మిణీ కల్యాణం పేజీలు ఎక్కువ అరిగి ఉంటాయని నాకు తెలుసు. ఎవరి చేతుల్లో అరిగాయో మాత్రం అప్పటిదాకా ఆలోచించలేదు.

కార్తీకంలో పెద్దవాళ్ళు తిరిగొచ్చి పుస్తకం తీసుకున్నారు, గోష్ఠి మళ్ళీ మొదలైందని తీర్మానం రాశారు. ఆడవాళ్ళ మాట అందులో లేదు. దాన్ని దాచారని నేను అనడం లేదు. అది రాయాల్సిన విషయమని వాళ్ళకు తోచి ఉండదు. నూనె డబ్బులు లెక్కలోకి రావాలి కాబట్టి అది ఒక్కటే మిగిలింది.

మాస్టారికి ఇది చెప్పినప్పుడు ఆయన ఒప్పుకోలేదు. "తీర్మానాల పుస్తకంలో లేనిది సంచికలో వేస్తే రేపు ఎవరైనా అడగరా అమ్మా?" అన్నారు. ఆయన అడిగింది సబబే. అందుకే మూడూ పక్కపక్కనే వేద్దామన్నాను: చిట్టా పేజీ ఫొటో, పెన్సిలు గీతల ఫొటో, మామ్మ గారి మాట. ఏది కాగితం చెప్పింది, ఏది మనిషి చెప్పింది అన్నది విడిగా రాద్దాం. చదివేవాళ్ళు తూచుకుంటారు. ఇంకో మాట కూడా అన్నాను. "మాస్టారూ, భాగవతమే ఒక్కరి చేతి మీద నిండలేదు కదా. అయిదో స్కంధం గంగన, ఆరు సింగన, పదకొండు, పన్నెండు నారయ పూరించారని మీరే ఏటేటా సభలో చెప్తారు. ఆ పేర్లు మనం వదిలెయ్యలేదు."

ఆయన ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. రెండు వారాల తర్వాత ఒక కాగితంతో వచ్చారు. ఆ వీధిలో ఆ కాలపు ఇళ్ళ వాళ్ళను తనే కలిసి, అప్పుడు కూడి చదువుకున్న ఆరుగురు ఆడవాళ్ళలో నలుగురి పేర్లు రాసుకొచ్చారు. మిగతా ఇద్దరినీ ఫలానా వారి పెద్ద కోడలు, ఫలానా వారి చెల్లెలు అనే జనం గుర్తుపెట్టుకున్నారు. ఆ ఇద్దరినీ సంచికలో అలాగే వేస్తున్నాం. దొరకని పేరు చోట మనకు నచ్చిన పేరు పెట్టకూడదు.

కోసేసిన పేజీ

నాలుగో పుస్తకంలో, 1960లలో, ఒక పేజీని ఎవరో బ్లేడుతో కోసేశారు. ముందు వెనకల తీర్మానాలు, రసీదులు చూస్తే లెక్కల మీద ఏదో గొడవ జరిగిందని తెలుస్తుంది. ఆ కుటుంబాల వాళ్ళు ఇప్పటికీ గోష్ఠిలో పక్కపక్కనే కూర్చుంటారు. నేను చేసింది ఇంతే: పేజీ లేదన్న సంగతి జాబితాలో రాశాను, గొడవ ప్రస్తావన ఉన్న మిగతా పేజీలు కూడా స్కాన్ చేశాను, కానీ అందరికీ ఇచ్చే కాపీలో అవి పెట్టలేదు. మూల పుస్తకం కమిటీ దగ్గరే ఉంటుంది. ఈ విషయంలో కమిటీ ఒక తీర్మానం రాసి సంతకాలు చేసింది. ఉత్సవం పేరుతో పాత గాయాలు రేపకూడదు, పాత పేజీలు చింపకూడదు. రెండూ నాకు సమానమే.

కంప్యూటరు పని, డబ్బు

స్కానింగు గోష్ఠి కుటుంబాల కాలేజీ పిల్లలు చేశారు. ఆదివారం మధ్యాహ్నాలు రెండు గంటలు. గట్టిగా ఉన్న కాగితాలు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కానరు మీద, పెళుసువి పైనుంచి కెమెరాతో. పెళుసు పుస్తకాన్ని స్కానరు మీద బోర్లా వెయ్యకూడదు, కుట్టు విరుగుతుంది. ఫైలు పేరులో పుస్తకం నంబరు, పేజీ నంబరు, ఇంగ్లీషు సంవత్సరం. కాపీలు మూడు: ఒకటి గోష్ఠి ఇంట్లో, ఒకటి వేరే వీధిలో సభ్యుడి ఇంట్లో, ఒకటి నెట్‌లో. తుపాను వచ్చే ఊళ్ళో రెండు కాపీలూ ఒకే కప్పు కింద ఉంటే ఒక్క కాపీ ఉన్నట్టే.

2001 సంచిక ఫైళ్ళు సీడీలో దొరికాయని సంబరపడ్డాం. తెరిస్తే తెలుగు లేదు, అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు. అప్పటి డీటీపీ అంతా అను ఫాంట్లలో చేశారు. ఆ ఫాంటు లేని కంప్యూటరుకు అది తెలుగని తెలియదు. కన్వర్టరుతో, ఏ కంప్యూటరైనా తెలుగుగా చూపించే యూనికోడ్‌లోకి మార్చాం, కానీ ఒత్తులు చాలాచోట్ల తారుమారయ్యాయి. ఇద్దరు కూర్చుని, ఒకరు అచ్చు ప్రతి పైకి చదువుతుంటే రెండోవారు తెర మీద దిద్దారు. ఇరవై అయిదేళ్ళ నాటి అచ్చు కంటే నూరేళ్ళ నాటి చేతిరాతే సులువుగా చదవగలిగాం. రాబోయే సంచిక మాత్రం మొదటి నుంచీ యూనికోడ్‌లోనే తయారవుతోంది.

1977 సంచికలోని వ్యాసాలు మళ్ళీ వెయ్యాలనుకుంటే రచయిత వారసుల అనుమతి కావాలి. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా హక్కు వాళ్ళదే. ఉత్తరాలు రాశాం, చాలామంది సంతోషంగా ఒప్పుకున్నారు. జవాబు రాని వ్యాసాలు వదిలేశాం.

డబ్బు దగ్గర గట్టిగానే మాట్లాడాను. మొదటి అంచనాలో వేదిక, శాలువాలు, మెమెంటోలు, భోజనాలకే వసూళ్ళన్నీ సరిపోయాయి. కాగితాలకు సున్నా. భోజనాల్లో ఒక్క రూపాయి తగ్గించమని నేను అనను. రథసప్తమి నాడు వచ్చినవాళ్ళు కడుపునిండా తిని వెళ్ళాలి. శాలువాలు మాత్రం తగ్గించమన్నాను. ఇప్పుడు వసూలైన దాంట్లో మూడో వంతు ఆమ్లం లేని కాగితపు పెట్టెలకు, నీళ్ళు తగలని ఎత్తులో కొత్త స్టీలు బీరువాకు, హార్డ్ డిస్కులకు కేటాయించారు. కమిటీలో ఇద్దరు ఇప్పటికీ నా మీద కోపంగా ఉన్నారు. వాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది. పెట్టెలు ఫొటోలో కనిపించవు.

ఇప్పటికి ఎక్కడున్నాం

9 తీర్మానాల పుస్తకాలు స్కాన్ అయ్యాయి. చిట్టాల్లో 17 పూర్తి. రసీదుల మోపు ఇంకా విప్పలేదు. పారాయణ ప్రతుల్లో పెన్సిలు గీతలు ఏ పేజీలో ఉన్నాయో ఒక అమ్మాయి పట్టిక రాస్తోంది. ఆ పట్టిక పూర్తయితే నూరేళ్ళలో భాగవతం మొత్తం ఎన్నిసార్లు చదివారో లెక్క తేలుతుంది. అది తేలేదాకా ఆహ్వానంలో ఎన్ని ఆవృత్తులో అంకె వెయ్యొద్దని మాస్టారితో మాట తీసుకున్నాను.

పోయిన నెల మామ్మ గారిని ఆటోలో గోష్ఠికి తీసుకొచ్చాం. దశమ స్కంధం తెరిచి వాలుగా ఉన్న పెన్సిలు గీతలు చూపించాం. ఆవిడ ఒక్కొక్క గీత మీదా వేలు పెట్టుకుంటూ పోయి, ఒక చోట ఆగారు. "ఇక్కడ నేను నిద్రపోయాను. మా అమ్మ మొట్టికాయ వేసింది" అన్నారు. పట్టిక రాస్తున్న అమ్మాయి ఆ పేజీ నంబరు రాసుకుని, ఎదురుగా మామ్మ గారి మాట కూడా రాసింది.